చేతిలో పెట్టిన మాట

మొన్న మా సంఘంలో పిల్లల వేసవి బైబిలు బడికి బొమ్మల అట్టలు చేసే పని నాకు అప్పగించారు. గొర్రె, దీపం, వల తేలిగ్గానే అతికించాను. నిరీక్షణ, అంటే బైబిలు మాటల్లో ఆశ, అని రాసిన అట్ట దగ్గర చెయ్యి ఆగిపోయింది. దానికని ఉదయించే సూర్యుడి బొమ్మ పంపారు. అది పక్కన పెట్టి ఆ అట్టను ఖాళీగానే వదిలేశాను. ఆ మాటకు మా అత్తగారు నాకు వేరే బొమ్మ చూపించి వెళ్ళారు.

ఎనభైల్లో పర్చూరు వైపు ఒక పల్లెకు కోడలిగా వెళ్ళాను. బాప్తిస్మం తీసుకోబోయే కూలి ఆడవాళ్ళను సిద్ధం చేయడం మా అత్తగారి పని. వాళ్ళకు చదువు రాదు. అయినా బాప్తిస్మానికి ముందు పాస్టరుగారు సంఘం ఎదుట నిలబెట్టి ఒక్కొక్క మాటకు అర్థం అడిగేవారు. ఏ పని జరుగుతుంటే అక్కడే, మిరపకళ్ళంలోనో చేలగట్టు మీదనో, అత్తగారి పాఠం నడిచేది. కంటికి కనపడని మాట మనసులో ఊరికే నిలవదని, దాన్ని దేనికో ఒకదానికి కట్టెయ్యాలని ఆవిడ నమ్మకం. ఓర్పంటే బస్తాడు మిరపకాయలకు తొడిమలు తీయడం. కృపంటే తీత అయిపోయాక ఏరుకోమని ఆసామి వదిలిన పత్తి. సమాధానమంటే, అదే మనశ్శాంతంటే, ఏమిటని అడిగితే, "మొగుడు తాగకుండా ఇంటికొచ్చిన శనివారం, అమ్మగారూ" అంది ఒకామె. కళ్ళమంతా నవ్వింది. అత్తగారు అదీ ఒప్పుకున్నారు. టీచరు ట్రైనింగు పాసై వచ్చిన నాకు ఇదంతా నామోషీగా ఉండేది. వాక్యంలో ఉన్నదున్నట్టు కంఠస్థం చేయించాలని వాదించేదాన్ని. "నీ అర్థాలు నోట్లోనే ఉంటాయే, గొంతు దిగవు" అనేవారు ఆవిడ.

నిరీక్షణకు ఆవిడ పగలని పత్తికాయను ఎంచుకున్నారు. వాళ్ళల్లోనే, భర్తతో కలిసి కౌలుకు పత్తి వేసిన ఒకామె తన చేలోంచి పచ్చికాయ కోసుకొచ్చింది. అత్తగారు దాన్ని ఆమె అరచేతిలోనే పెట్టి గుప్పిట మూయించారు. "విప్పి చూడబాక. లోపల ఉందని చేతికి తెలుస్తందా? అదే నిరీక్షణ." కాయ చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేనూ గుప్పిట మూశాను. బరువుగా, చల్లగా ఉంది.

ఆ ఏడు తెల్లదోమ పడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పోలేదు. ఆకు జిగురు పట్టి నల్లబడింది, కాయ ఊరలేదు. ఆమె భర్త ఆ చేలోనే ప్రాణం తీసుకున్నాడు. నెల తిరక్కుండానే బాప్తిస్మపు ఆదివారం వచ్చింది. ఈసారికి ఆగమని అత్తగారు చెప్పి చూశారు. తనకు మిగిలింది సంఘం ఒక్కటేనని, అందులోనైనా చేరనివ్వమని ఆమె బతిమాలింది.

పాపం అంటే చెప్పింది. కృప అంటే చెప్పింది. నిరీక్షణ అంటే ఏంటమ్మా అని అడిగారు పాస్టరుగారు. ఆమె తన అరచేతి వంక చూసుకుంది.

"విప్పి చూశానయ్యగారూ. ఏం లేదు."

అత్తగారు తల దించుకున్నారు. అర్థం చెప్పలేకపోతే ఆమెను మరో ఏడాది ఆపేస్తారు. అందుకని వెనకనుంచి నేను నా కంఠపాఠం అందించాను. నా వెంట ఒక్కో మాటా పలికింది. పాస్టరుగారు తల ఊపారు. ఆ మధ్యాహ్నమే కాలవలో బాప్తిస్మమిచ్చారు.

ఆమెను గట్టెక్కించానని ఆరోజు పొంగిపోయాను. తరువాత ఆమె ప్రతి ఆదివారం వచ్చి ఆడవాళ్ళ చాప మీద చివర కూర్చునేది. ఎవరు అడిగినా నేనందించిన వాక్యం తడబడకుండా అప్పజెప్పేది. అప్పజెప్పేటప్పుడు ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉండేవి. అత్తగారు మళ్ళీ ఎవరికీ పాఠం చెప్పలేదు. "నేనా కాయ ఇవ్వకుండా ఉండాల్సింది" అని ఒక్కసారి అన్నారు, అంతే.

నేను ప్రభువును నమ్ముతాను. ఆయన మాట తప్పడని పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. కానీ ప్రార్థనలో నిరీక్షణ అన్న మాట రాగానే నా కుడిచెయ్యి దానంతటదే గుప్పిటగా బిగుసుకుంటుంది. నలభై ఏళ్ళు కావస్తోంది, ఒక్కసారీ విప్పి చూసుకోలేదు.