సునీత ఫోను చదవని వాక్యం

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మూసాపేట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ప్రార్థన చేసుకుని బయలుదేరాం. మా చర్చి సంఘం క్వయర్‌లో పాడే సునీతకు పుట్టుకతోనే చూపు లేదు. చూపులేనివారికి యాప్‌లు పనికొస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగానికి హైటెక్ సిటీ కంపెనీ ఒకటి ఆమెను ఇంటర్వ్యూకి పిలిచింది. బీఏ అయ్యాక ఇది నాలుగోది. మొదటి మూడూ పోయాయి. సంఘ కార్యదర్శిగా నేను తోడు వెళ్లాను.

అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు ఎక్కాలి. అక్కడ చూపులేనివారికి దారి తెలిసేలా నేలమీద పరిచిన పసుపు గట్ల పలకల వెంట సునీత కర్రతో నాకంటే వేగంగా నడిచింది. రైల్లో ఒకాయన నన్నడిగాడు, "పాపం, ఆమె యాడ దిగుతది?"

"నన్నే అడుగుండ్రి కాకా, నాకు నోరున్నది" అంది సునీత. ఆయన నవ్వి సీటిచ్చాడు.

తొమ్మిది కాకముందే హైటెక్ సిటీలో దిగాం. స్టేషన్లో లిఫ్టుంది కానీ, బయట ఫుట్‌పాత్ నిండా బైకులే. నడిచి వెళ్లేవారు అరగంట చేతిలో ఉంచుకోవాలి.

ఇంటర్వ్యూ చేసినావిడది కోస్తా యాస. నన్నూ లోపల కూర్చోమంది. "రోజూ వాడేవాటిలో మీ ఫోను చదవలేనిది ఒకటి చూపించండి" అని సునీతను అడిగింది.

సునీత మా సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచింది. ఫోను గబగబా పేర్లూ మాటలూ పైకి చదువుతూ నా సందేశం దగ్గరికి వచ్చి "ఫోటో" అని ఆగిపోయింది. ముందు రోజుదీ "ఫోటో". రోజూ తెల్లవారుజామున పూల బొమ్మ మీద బైబిలు వాక్యం రాసి పంపేది నేనే. ప్రతి దాని కిందా సునీత "ఆమెన్" ఉంది.

"ఏముందో తెలియకుండానే ఆమెనా అండీ?"

"అన్న పంపేది దేవుని మాటనే గద మేడం."

నా ముఖం మాడిపోయింది. ఆ మధ్య ఒక పెద్దాయన చనిపోతే భూస్థాపన కబురు కూడా బొమ్మగానే పెట్టాను. దాని కిందా ఆమె ఆమెన్ పెట్టింది. చూసుకుని పెట్టాలమ్మా అని అందరిముందూ మందలించాను. సరే అన్న, అని ఊరుకుంది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అందావిడ.

"పెద్దోళ్లు. ఎట్ల చెప్తం?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇక్కడ పనంతా చెప్పడమేనండి. యాప్ తయారుచేసిన పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. తప్పుందని వాళ్ల ముఖం మీద చెప్పలేకపోతే ఈ ఉద్యోగం మీకు కష్టం."

నేను లోలోపల ప్రార్థించబోయాను. ఏమని అడగాలో తోచలేదు. ఇంతలో సునీత నా వైపు తిరిగింది.

"అన్న, జర ఏమనుకోకుండ్రి. బొమ్మ పెడితే నాకేం తెల్వది. సావు కబురుకు గూడ తెల్వకనే ఆమెన్ పెట్టిన. అందరి ముంగట మీరు నన్నే అన్నరు. ఇగ అక్షరాలు టైపు చేసి పెట్టుండ్రి."

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

పన్నెండున్నరకు మళ్లీ లోపలికి పిలిచి, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. మొదటి మూడు నెలలు శిక్షణ. పక్క సందులో బండి దగ్గర పులిహోర, పెరుగన్నం తిన్నాం.

తిరుగు రైలు ఖాళీ. విశ్వాసం వినడంతోనే మొదలవుతుందని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేవాణ్ణి నేను. మా సంఘంలో చెవులతోనే చదివే ఒక్క మనిషికి వాక్యం వినపడకుండా చేసిందీ నేనే. ఆ బరువుతోనే ఫోను తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాక్యం టైపు చేశాను. అమీర్‌పేట రాకముందే పంపాను. ఆమె ఫోను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆమెన్ కోసం చూశాను.

"అధ్యాయం సరిగ్గనే ఉన్నదన్న," అంది సునీత, "వచనం నంబరు తప్పు."