బావ కాలికి కుదిర్చిన గేరు

ఇంటింటికీ వెళ్ళి మంచినీళ్ళ యంత్రాల్లో ఫిల్టర్లు మార్చడం అతని పని. మనిషి ఆరడుగుల రెండంగుళాలు. ఆఫీసులో అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. నడిపే బండి మాత్రం ఐదడుగుల మనిషిది. అది అతని బావది.

పదేళ్ళ వయసు నుంచీ నిచ్చెన అక్కాబావల ఇంట్లోనే పెరిగాడు. బండి నేర్పింది కూడా బావే. "క్లచ్చు దొంగలా వదలాలిరా, దొరలా కాదు," అంటూ వెనకాల పరుగెత్తేవాడు. ఆ బండి మీదే బావ ఇరవై ఏళ్ళు షాపులకు బ్రెడ్డు వేశాడు. తన చిన్న పాదానికి తగ్గట్టు గేరు లివరును బాగా కిందికి దింపించుకున్నాడు. మూడేళ్ళ కిందట మేడమెట్ల మీంచి పడ్డాక ఎడమకాల్లో పట్టు పోయింది.

"నేను లేచేదాకా నువ్వు నడుపురా. ఊరికే పెడితే తుప్పు పడుతుంది," అని తాళం చేతికిచ్చాడు.

'లేచేదాకా' అన్న ఆ మాటే నిచ్చెనకు సంకెలయింది. రోజూ ఉదయం బావ చేతికర్ర పట్టుకుని వరండాలోకి వచ్చేవాడు. స్టాండు వేసిన బండెక్కి, ఎడమకాలి బొటనవేలు లివరు కిందికి దూర్చి, పంటి బిగువున పైకి లేపడానికి చూసేవాడు. వారానికోసారి ఎప్పుడో 'టక్'మనేది. ఆ పూట ఇంటికి పెళ్ళికళ వచ్చేది. "విన్నావురా?" అంటూ అక్క వంటింట్లోంచి తొంగిచూసేది.

ఆ లివరు కిందికి నిచ్చెన బూటు దూరేది కాదు. రోజుకు పాతిక ఇళ్ళు తిరగాలి. గేరు మార్చినప్పుడల్లా మడమ ఎత్తి, మోకాలు బయటికి తిప్పి, పాదాన్ని గాలంలా వంచాలి. సాయంత్రానికి చీలమండ ఉబ్బిపోయేది. అక్క అడిగితే బెణికిందనేవాడు. వేరే బండి కొనుక్కుంటే, ఇక మీరు లేవరని బావ మొహం మీదే చెప్పినట్టవుతుంది. కక్కలేక మింగలేక అలాగే లాక్కొచ్చాడు.

ఒకరోజు అడుగు వెయ్యలేక మెకానిక్ షెడ్డులోకి కుంటుతూ వెళ్ళాడు.

"ఈ బండి నీది కాదు కదూ?" అన్నాడు ముసలి మెకానిక్.

"ఎలా కనిపెట్టారు?"

"సొంత బండయితే మనిషి మీద ఇంత పగ పట్టదయ్యా."

మెకానిక్ బోల్టు వదులు చేసి, లివరును బయటికి లాగి, లోపలి పళ్ళ మీద రెండు పళ్ళు పైకి తిప్పి మళ్ళీ ఎక్కించాడు. కుడివైపు బ్రేకును కూడా కాస్త సర్దాడు. రోడ్డెక్కాక నిచ్చెనకు ప్రాణం లేచొచ్చింది. పాదం ఉన్నచోటే ఉంది, గేర్లు వాటంతటవే పడుతున్నట్టున్నాయి.

తమ వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ సంబరమంతా నీరుగారిపోయింది. అంత ఎత్తున ఉన్న లివరును బావ వేలు ఎప్పటికీ లేపలేదు. అక్కడే దిగి, సంచిలోంచి పానా తీసి, లివరును పాతచోటికి దించాడు. మర్నాడు అదే మలుపులో ఆగి పైకెత్తాడు. అలా నాలుగు నెలలు గడిచాయి. అక్కడ బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, "రోజుకు రెండుసార్లు వైద్యమా! ఇంతకీ రోగం బండికా, నీకా?" అని నవ్వేది.

తీసీ పెట్టీ లివరు పళ్ళు అరిగిపోయాయి. ఒక సాయంత్రం సిగ్నలు దగ్గర లివరు పాదం కింద గిర్రున తిరిగింది, గేరు కదల్లేదు. వెనక హారన్ల మోత. రెండో గేరులోనే, ఇంజను మొత్తుకుంటుండగా ఇల్లు చేరాడు.

బావ కిటికీలోంచే కేకేశాడు. "రెండులోనే ఎందుకొస్తున్నావురా?"

నిచ్చెన ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాడు. చివరికి కిటికీ బయట నిలబడి, ఉన్నదంతా చెప్పేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలలు బావా. మీరు బాధపడతారని..."

"పిచ్చివాడా. కొత్త లివరు వేయించి నీకు కావలసినట్టు పెట్టించుకో." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

వేయించుకున్నాడు. ఇక మలుపు దగ్గర ఆగే పని లేకపోయింది. బావ మాత్రం కొత్త లివరు పడ్డ మర్నాటి నుంచి వరండాలోకి రాలేదు.

నిచ్చెన ఉండబట్టలేక, "మళ్ళీ కిందికి దింపించుకొస్తాను, రండి బావా," అన్నాడు.

"నా మీద జాలితో దించినదాన్ని నేనెలా లేపుతానురా?" అంటూ బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్క అన్నం బాక్సు చేతికిచ్చి, "టైమవుతోంది, వెళ్ళు," అంది.

ఇప్పుడు గేర్లు వెన్నలా పడతాయి. ఆ చప్పుడు బావకు వినపడుతుందని, నిచ్చెన నాలుగిళ్ళ ముందే ఇంజను ఆపేసి, బండిని తోసుకుంటూ వస్తాడు.