ఖాళీ అని రాసింది నేనే

మా ప్లానింగ్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం ఆఫీసుకు ఫోను వచ్చింది. రిసీవరు పెట్టేసి, ముందున్న ఫైలు మీద సంతకం చేసి, టీ తాగాను. ఏడుపు రాలేదు. ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉండిపోయింది, ఇక చెప్పక్కర్లేదన్న ఊరట ముందు వచ్చింది. అందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

విశాఖలో యూనివర్సిటీ రోజుల్లో ఏ స్థలంలో ఏముండాలో ఆలోచించి ఊళ్ళు గీయడం మాకు నేర్పింది ఆయనే. గోదావరి వైపు మనిషి. చొక్కా జేబులో కాగితం చుట్టిన సగం బ్లేడు ఎప్పుడూ ఉండేది. ట్రేసింగ్ షీటు మీద ఇంకుతో గీసింది రబ్బరుతో పోదు, బ్లేడుతో మెల్లగా గీకాలి. మేం గీకితే చిల్లు పడేది. ఆయన గీకితే అక్కడో గీత ఉండేదన్న ఆనవాలు కూడా మిగిలేది కాదు. "కాళ్ళు నొప్పెట్టని మ్యాపు నాకొద్దండి" అనేవారు. మమ్మల్ని కూడా అండీ అనే పిలిచేవారు. ఏ చోటునైనా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా చూసి రావాలన్నది ఆయన నియమం.

చివరి ఏడాది మా ఐదుగురికీ కలిపి మల్కాపురంలో ఒక పేట ఇచ్చారు. ఏ స్థలాన్ని దేనికి వాడుతున్నారో గుర్తించి, ముందు ముందు ఆ పేట ఎలా ఉండాలో గీయాలి. వీధులు పంచుకున్నాం. నా వంతుకొచ్చిన చివరి వీధికి నేను ఒక్కసారే వెళ్ళాను, అదీ ముసురు పట్టిన రోజు. గొడుగు లేదు. టీ కొట్టు చూరు కింద నిలబడి చూస్తే వీధి చివర తడిసిన ఇసుక నేల కనిపించింది. మనిషన్నవాడు లేడు. 'ఖాళీ' అని రాసుకుని బస్సెక్కాను. మూడు పూటలూ చూశానని మావాళ్ళకు చెప్పాను. అంత జాగా దొరికిందని అందరూ సంబరపడ్డారు. పోర్టు లారీలు వీధుల్లో నిలవకుండా అక్కడొక లారీ స్టాండు గీశాం.

మార్కులు వేసే ముందు షీటును ఆ పేటలోనే నేల మీద పరిచి, అక్కడి వాళ్ళకు చూపించడం మాస్టారి అలవాటు. ఆ రోజు ఎండ బాగా కాసింది. మా లారీ స్టాండు నిండా పాత వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. పక్కన చేపలు కడుగుతున్న ముసలమ్మ తడి కాళ్ళతోనే వచ్చింది. మాస్టారు ఒక్కో వీధీ వేలితో చూపిస్తుంటే కాసేపు విని,

"మరి మా సేపలెక్కడ ఎండేసుకోవాల బాబూ? ఈడేటి రాసినారు?" అంది.

"ఖాళీ అని రాశామమ్మా" అన్నారు మాస్టారు.

"కాళీయా? ఇంతమందిమి ఈడే బతుకుతన్నాం. నాను అగుపడ్నేదేటి మీకు?"

అంటూనే ఒక అడుగు ముందుకేసి షీటు మీదే నిలబడింది, నేను రాసిన మాట పక్కనే.

మాస్టారు మా వైపు చూడలేదు. "తప్పు నాదేనమ్మా. నేను చూడకుండా ఒప్పేసుకున్నాను" అని మోకాళ్ళ మీద కూర్చుని జేబులోంచి సగం బ్లేడు తీశారు. నేను ఆయన వెనక రెండడుగుల దూరంలోనే ఉన్నాను. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుని, కొన్న వేరుశనక్కాయల్లో సగం నా చేతిలో పోశారు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలా ఏళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ ఆయన ఆ షీటు చూపించి, "ఇది నేను చేసిన తప్పండి" అంటూ పాఠం మొదలుపెట్టేవారట. సంతాప సభలో మా తర్వాత చదివిన ఒకావిడ ఆ సంగతి చెప్పి, "తన తప్పును ఇలా అందరి ముందూ పెట్టుకునే మాస్టార్లు ఎంతమంది ఉంటారు?" అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. నన్ను మాట్లాడమంటే ఆయన ఎప్పుడూ క్లాసుకు ఆలస్యంగా రాలేదని చెప్పి కూర్చున్నాను.

ఆ తప్పు ఆయనది కాదు. నాది. ఆయనకు చెప్పలేకపోయాను, చదివే మీకైనా తెలియాలి.

ఆ షీటును సభలో గోడకు అంటించారు. అందరూ వెళ్ళాక దగ్గరికి వెళ్ళి చూశాను. నా మాట ఆనవాలైనా లేదు, అంత శుభ్రంగా గీకేశారు. కానీ ట్రేసింగ్ కాగితం ఒకసారి తడిసి ముడుచుకుంటే మళ్ళీ చదును కాదు. ఆ పక్కనే, ఐదు వేళ్ళతో సహా, ముసలమ్మ పాదం ఇంకా ఉంది.