వెచ్చగా ఉంచాల్సిన సీసా

మొన్న మనవరాలికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు దాని చేతికి స్పిరిట్ దూది రాయగానే ఆ ఘాటు వాసనకి సత్యవతమ్మ గారు ఎదురుగా వచ్చి నిలబడినట్టయింది. అనకాపల్లిలో నేను ఆయాగా చేసిన ఆసుపత్రి ల్యాబుకి ఆవిడే పెద్ద. ఐదో తరగతితో బడి మానేసిన నాకు సీసా మీద పేరూ, వార్డూ, తీసిన టైమూ చూసుకోవడం నేర్పింది ఆవిడే. పేరు లేని సీసా తెస్తే ముట్టుకునేవారు కాదు. "ఇది ఎవరి రగతమే, దేవుడిదా?" అనేవారు. నవ్వుకుంటూనే పేరు రాయించుకు రావడానికి మళ్లీ వార్డు మెట్లెక్కేదాన్ని.

చేరిన నెలలోనే తప్పు చేశాను. బుచ్చయ్యపేట నుంచి వారం రోజుల జ్వరంతో ఒక పాప వచ్చింది. వార్డులో రక్తం తీసి, పల్చటి బెల్లప్పాకం రంగు నీళ్లున్న సీసాలో ఎక్కించి నా చేత ల్యాబుకి పంపారు. అందులో క్రిమి పెరిగితేనే ఏ మందు పనిచేస్తుందో తెలిసేది. అప్పుడు సత్యవతమ్మ గారు భోజనానికి వెళ్లారు. మండుటెండలు. ఇంట్లో పాలు విరక్కుండా ఏం చేస్తామో నేనూ అదే చేశాను. ఫ్రిజ్‌లో పెట్టేశాను. మూత్రం సీసాలు అందులోనే ఉంటాయి కదా అని ధీమా. తలుపు మూశాక దాని మీద అంటించిన కాగితం కూడబలుక్కుని చదివాను. క్రిమిని పెంచి చూసే ఇలాంటి రక్తం కల్చర్ సీసాలు లోపల పెట్టకూడదట, చల్లబడితే క్రిమి పెరగకపోవచ్చట. తీసి, తుడిచి, బల్ల మీద పెట్టేస్తే ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం పోతుందేమో. ఆవిడ లోపలికి రాగానే ఏడుస్తూ చెప్పేశాను.

"ఏటే, ఫ్రిజ్‌లో ఎట్టీసేవా?" అని, నా జవాబు కోసం ఆగకుండా వార్డుకి ఫోన్ చేశారు. "పాపకి సూదిమందు ఇచ్చీసేరా? లేదా? ఆగండి, మళ్లీ రగతం తియ్యాలి." ఫోన్ పెట్టి నా వైపు తిరిగారు. "మందు పడ్డాక తీత్తే క్రిమి దొరకడం కష్టం. ఇంకాసేపు నోరు మూసుకునుంటే ఆ పిల్ల పనైపోయీది. పద."

పాప తల్లి మండిపడింది. "మళ్లీ పొడుత్తారా? నా పిల్ల ఒళ్లేటి, నుయ్యా?"

"తప్పు నాదేనమ్మా. ఈసారి నేనే తీత్తాను," అన్నారు సత్యవతమ్మ గారు.

మెట్ల దగ్గర, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. "సరిగ్గా సెప్పకుండా నీకొదిలీసింది నేను కాదేటి?" అని, ఆ రెండో సీసాని నా చేతికే ఇచ్చారు.

అందులో క్రిమి పెరిగింది. డాక్టరు గారు మందు మార్చారు. వారం తిరక్కుండా పాప తన కాళ్ల మీద తను నడిచి ఇంటికెళ్లింది.

నిన్న పొద్దున్న మా కోడలు నా బీపీ మాత్ర బదులు మా ఆయన షుగరు మాత్ర ఇచ్చేసి, నేను మింగేలోపే పరుగెత్తుకొచ్చింది. "అత్తా, తప్పు సేసేను" అంది. పక్కన కూర్చోబెట్టుకుని మంచినీళ్లిచ్చాను. తర్వాత, సరైన మాత్ర దాని చేత్తోనే వేయించుకున్నాను.