పొన్నమ్మ సరే అన్న బండి

వేలూరులో బండ్ల కింద కుదుపు ఆపే కమాను కట్టలు బిగించే కుప్పుసామికి కొలిమి ముందు ఎంత ధీమానో, బండెక్కి కూర్చుంటే అంత అయోమయం. తను బిగించిన బండి ఎక్కితే తనకెప్పుడూ హాయిగానే ఉండేది మరి. అందుకని ఏ బండికి కమాన్లు కట్టినా భార్య పొన్నమ్మను ఎక్కించుకుని పళ్ళికొండ దాకా పోయి వచ్చేవాడు. ఆమె కళ్ళు మూసుకుని కుదుపులు కనిపెడుతూ కూర్చునేది. ఆమె దిగి ‘సరే’ అంటేనే అతను బండి ఇచ్చేవాడు. ఆమె మాట మీద లారీల వాళ్ళకు కూడా గురి.

ఆంధ్రా వేరుపడి, చుట్టాల్లో సగం మంది ఎల్లకు అవతల పడిన ఏడాది, గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీ నడిపే వేణుగోపాల్ ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. దేశం విడిచిపోతూ ఎవరో దొర అమ్మేసిన రెండు సీట్ల కారు. దాన్ని ఇంకో రెండంగుళాలు కిందికి దించమన్నాడు. కారు ఎలా నడుస్తుందన్నది కాదు, నిలబెడితే ఎలా కనిపిస్తుందన్నదే ఆ అబ్బాయి బెంగ.

కుప్పుసామి కమాను కట్టల్లోని ఇనప పట్టీలు విప్పి, ఎర్రగా కాల్చి, వంపు తగ్గించి, నూనెలో ముంచి బిగువు పట్టించాడు. కట్టకు ఒక పట్టీ తీసేశాడు కూడా. బిగించాక కారు నేలను కరుచుకుని నిలబడింది. వీధి వీధంతా వచ్చి చూసింది. అతనికి ఒళ్ళు పొంగిపోయింది.

పళ్ళికొండకు పోయి వచ్చాక పొన్నమ్మ నడుము పట్టుకుని దిగింది.

“గుంతలో పడినప్పుడల్లా ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటా ఉండాది. తీసిన పట్టీ మళ్ళా ఎయ్యి. ఇట్లా ఇయ్యద్దు.”

మళ్ళీ వేస్తే కారు అంగుళం పైకి లేస్తుంది. అంతమంది మెచ్చుకున్న పనిని విప్పడానికి అతనికి చేతులు రాలేదు. సాయంత్రం వేణుగోపాల్ వచ్చేసరికి పొన్నమ్మ నీళ్ళకు పోయి ఉంది.

“పొన్నమ్మ సరే అనింది సామీ,” అన్నాడు కుప్పుసామి.

నెల తిరక్కుండానే వేణుగోపాల్ మళ్ళీ వచ్చాడు. తల్లి రాజాంబాళ్‌ను గుడికి తీసుకుపోతుంటే గుంతలో కారు ఎత్తి కుదేసిందట. నడుము పట్టేసి ఆమె మంచాన పడింది. అతను కేకలు వెయ్యలేదు. పొన్నమ్మనే అడిగాడు.

“నువ్వు నిజంగా సరే అంటివా అమ్మా?”

ఆమె మొగుడి వైపు ఒక్కసారి చూసింది. “అంటిని నాయనా. తప్పు నాదే.”

కుప్పుసామి తల వంచుకుని సుత్తి కోసం వెతికాడు. సుత్తి చేతిలోనే ఉంది.

పట్టీ వేసి ఇచ్చాడు గాని నిజం మాత్రం ఒప్పుకోలేదు. లారీల వాళ్ళు పొన్నమ్మ మాట అడగడం మానేశారు. ఆమె ప్రతి శుక్రవారం చెల్లెలి ఇంటికని గుడియాత్తం పోయి వచ్చేది. అతనికి అన్నం సహించేది కాదు. నాలుగు నెలలు లోలోపల కుమిలి, ఒక శుక్రవారం తనే బస్సెక్కి రాజాంబాళ్ ఇంటికి పోయాడు.

గడప దాటేసరికి, మంచం మీది ముసలామె నడుముకు నూనె రాస్తూ పొన్నమ్మ కనిపించింది. చెల్లెలి ఇంటికని ఆమె వచ్చేది ఇక్కడికేనని అతనికి అప్పుడు తెలిసింది.

“అమ్మా, ఈమె వద్దనే చెప్పె. సరే అనిందని అబద్ధం చెప్పింది నేను.”

రాజాంబాళ్ మెల్లగా పక్కకు తిరిగి పొన్నమ్మను చూసింది. “అయితే నువ్వూ నా బిడ్డ మొకం చూసి అబద్ధమే చెప్పినావా? తప్పు ఒప్పుకున్న మనిషివనే కదా నిన్ను ఇంట్లోకి రానిస్తి.”

పొన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. నూనె గిన్నె పక్కన పెట్టి బయటికి నడిచింది.

బస్సులో కుప్పుసామి ఆమె వైపు తిరిగాడు. “నీ మింద నింద పోవాలనే చెప్పినాను.”

“ఆ పొద్దు చెప్పింటే పోయుండును,” అంది ఆమె. “ఈ పొద్దు చెప్పి నీ మనసు తేలిక చేసుకుంటివి, అంతే.”