మంగళవారం ఖాళీ హాల్లో ఫ్యాన్లు

మా తోడికోడలు పోయింది. తెల్లవారుతూనే రైల్వే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఆమె మా మరిది భార్య, వయసులో నాకన్నా చిన్నది. ప్రతి దాంట్లోనూ నన్ను దాటి ముందుకెళ్ళడం ఆమెకు అలవాటే. ఈ ఒక్కదాంట్లోనైనా నా వెనక నిలబడుతుందనుకున్నాను. వినలేదు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో మన కల్యాణ మండపం వెనక రేకుల గదిలో ఉన్న డీజిల్ జనరేటర్‌ను, తాను రిటైరైనప్పటి నుంచి చూసుకున్నది ఆమే. మన తెలుగు సంఘం వేసే ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది ఆ వెలుగులో తాళి కట్టినవాళ్ళో, కట్టించుకున్నవాళ్ళో అయి ఉంటారు.

సంతాప సభలో మన సెక్రటరీ బాగానే మాట్లాడాడు. చివర్లో మాత్రం నవ్వుతూ ఇలా అన్నాడు: "కరెంటున్నా సరే, పెతీ మంగళారం ఖాళీ హాల్లో లైట్లూ ఫ్యాన్లూ ఏసి జనరేటర్ నడిపీది. దానిమీద అంత పేమ పాపం. ఇకమీద ఆ డీజిల్ దండగ ఉండదు. కరెంటు పోయినపుడే ఆన్ సేద్దుం."

జనం నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

"అది పేమ కాదు బాబూ. పని."

"పెద్దమ్మా, సంతాప సబలో గొడవేటి? నువ్వనుకున్నదేదో సంచికలో రాసీ, అందరం సదువుతాం."

నాకు అక్షరం రాదని వాడికి తెలుసు. రాకపోతే ఏం, నోరుంది కదా. నేను చెబుతున్నాను, ఆమె కోడలు రాస్తోంది. మిగతాదంతా పుస్తకాల తెలుగులో పెట్టుకో, మనుషుల మాటలు మాత్రం వాళ్ళ నోట వచ్చినట్టే ఉంచమన్నాను.

మా మరిది రైల్వే సర్వీసులో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు, రైలింజన్లు బాగుచేసే డీజిల్ షెడ్డులో ఖలాసీగా, మిస్త్రీలకు చేతిసాయంగా. మొదటి రోజే ఒక బెంగాలీ మిస్త్రీ "దీదీ, తుమి చా బానావో" అన్నాడట, నువ్వు టీ పెట్టు అని. "చాయ్ ఆప్ బనావో దాదా, ఫిల్టర్ హమ్ ధోయేగా" అందట ఈమె. టీ నువ్వు పెట్టు, ఫిల్టర్ నేను కడుగుతానని. సాయంత్రం ఇంటికొచ్చి, నల్లబడ్డ చేతులకు శనగపిండి రుద్దుకుంటూ ఆ మాట చెప్పి పకపకా నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వగా విన్నది అప్పుడే. తర్వాత ఆ మిస్త్రీయే ఆమెకు పని నేర్పాడు, టీ కూడా పోశాడు.

పిల్లలందరినీ నేను చూసుకునేదాన్ని, ఆమె ఇంజన్లు చూసుకునేది. "అప్పా, ఈ రోజు బయిల్దేరిన ఇంజను నా సేతిదే" అని వీధి మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చేది. అప్పా అంటే మా వైపు అక్కా అని. గొప్ప చెప్పుకోవడంలో ఆమెకు సిగ్గు లేదు. నాకూ లేదు.

ఇక మంగళవారం సంగతి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరం హాలుకు నడిచేవాళ్ళం. ఆమె కొంగు బొడ్లో దోపి ముందు ఆయిల్ కడ్డీ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూసేది. తుడిచే గుడ్డ నా పాత చీర ముక్క. ప్రతిసారీ ఉతికి అక్కడే మేకుకు ఆరేసేది. రేడియేటర్లో నీళ్ళు చూసేది. బెల్టును బొటనవేలితో నొక్కి చూసేది. బ్యాటరీ కొనల మీద తెల్లగా పూసిన పొడిని వేడినీళ్ళతో కడిగేది. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న మర విప్పి, కాస్త డీజిల్ గాజు సీసాలోకి వదిలి, ఎండకు ఎత్తి పట్టుకునేది. అడుగున నీటి బొట్టు కనబడితే, అది పోయేదాకా వదిలేది. బంగారం తూచేవాడి ముఖం కూడా అంత జాగ్రత్తగా ఉండదు.

ఇంజన్ అందుకోగానే కేక: "అప్పా, లోడియ్యి!"

ఆ పని నాది. హాల్లో స్విచ్చులన్నీ వేసేదాన్ని. ఫ్యాన్లు, లైట్లు, పెళ్ళి పీటల మీది రంగు దీపాలు, వంటగదిలో గ్రైండర్, అన్నీ.

కొత్తలో నేనూ అడిగాను. "ఓలే, మనుషులు లేని హాల్లో ఈ గాలి ఎవులికే?"

"మనుషులికి కాదప్పా, ఇంజనుకి. ఉత్తినే తిరిగితే దానికి సరిగ్గా ఏడెక్కదు. కాలని డీజిలూ మసీ గొట్టంలో పేరుకుంటాది. బరువు మోస్తేనే దాని కడుపు సుబ్బరపడతాది."

పని అయ్యాక కూడా తొందరపడనిచ్చేది కాదు. ముందు నేను స్విచ్చులన్నీ తీసేయాలి. తర్వాత ఇంజన్ కొంతసేపు ఊరికే తిరగాలి. "బరువు దించీగానే పీక నొక్కీకూడదప్పా. సల్లారనీ." అప్పుడే ఆపేది.

విశ్వకర్మ పూజకు ఈ ఊళ్ళో ప్రతి యంత్రానికీ దండ పడుతుంది, తెలిసిందే. ఒక ఏడాది మన కమిటీవాళ్ళు భక్తి పొంగి జనరేటర్‌ను బంతిపూలతో కప్పేశారు. ఆమె ఆ రోజు ఊళ్ళో లేదు, చుట్టాలింటికి విజయనగరం వెళ్ళి ఆ సాయంత్రమే రైలు దిగింది. భోజనాలు వడ్డిస్తుండగా కరెంటు పోయింది, జనరేటర్ వేస్తే ఇంజన్ వేడెక్కి అదీ ఆగిపోయింది. చీకట్లో పులిహోర ఎవరి ఒళ్ళో పడిందో దేవుడికే తెలియాలి. ఆమె టార్చి పట్టుకుని రేడియేటర్ సందుల్లోంచి పూరేకులు ఒక్కొక్కటే లాగింది.

"ముక్కు మూసీసి దండం పెడితే ఏ దేవుడికి ఊపిరాడతాదిరా?" అంది.

అప్పటినుంచి దండ గోడ మీద పటానికి, జనరేటర్ గది తలుపుకు కుంకుమ బొట్టు. అంతే. ఆడది దేవుడికి దండ వద్దంటోందని ఎవరో గొణిగారు. "దండ నా మెళ్ళో ఎయ్యండి, నాకు రేడియేటర్ లేదు" అంది. మొన్న అందరూ వచ్చి ఆమె మెడలో వేస్తుంటే నాకు ఆ మాటే చెవిలో వినబడింది.

తుఫాను వచ్చినప్పటి సంగతి మీకెవరికీ చెప్పక్కర్లేదు. స్తంభాలు పడిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వీధి వీధంతా పిల్లాపాపలతో ఈ హాలుకే వచ్చింది. అవతల ఇంకో హాల్లో మనకన్నా కొత్త జనరేటర్ ఉండేది, ముస్తాబుగా ముసుగు వేసి ఉంచారు. స్విచ్ నొక్కితే బ్యాటరీ చచ్చి ఉంది. వాళ్ళూ మన హాలుకే వచ్చారు. మనది ఒక్కసారికే అందుకుంది. వంటగది పక్కనున్న ప్లగ్గుకు మన సెక్రటరీ తల్లి ఆక్సిజన్ మిషన్ పెట్టారు. కరెంటు వచ్చేదాకా ఆ ముసలామె ఊపిరి ఈ ఇంజన్ మీదే నడిచింది. నా తోడికోడలు ఆ గది గుమ్మంలోనే కూర్చుని తిన్నది, కూర్చునే కునికింది.

సెక్రటరీ నాయనా, ఇది నీకు చురక కాదు, గుర్తు చేస్తున్నాను. ఆ వేళ అది ఒక్కసారికే అందుకున్నది అంతకు ముందరి మంగళవారాల వల్ల.

ఆమె ఫోటో గోడకు పెట్టమని నేను అడగను. రేకుల గది తాళంచెవి ఈ రాస్తున్న కోడలికి ఇవ్వండి. అత్త దగ్గర అంతా నేర్చుకుంది. మంగళవారం మాత్రం ఆపకండి. నేను అడిగేది ఇదే.

ఇంతవరకు రాయించేసరికి మంగళవారం వచ్చేసింది. కోడల్ని వెంటబెట్టుకుని ట్రాఫిక్ అనే పేటలో ఉన్న సెక్రటరీ ఇంటికే వెళ్ళాను.

"తాళంచెవి ఇయ్యి."

"ఇంకా మీటింగ్ అవనేదు గదా పెద్దమ్మా."

"నీ మీటింగ్ నువ్వు పెట్టుకో. ఇంజనుకి మంగళారమే తెలుసు."

తాళంచెవి తీసుకుని వాడూ మా వెనకే వచ్చాడు.

కోడలు కొంగు దోపింది. కడ్డీ తుడిచింది, బెల్టు నొక్కింది, సీసా ఎండకు ఎత్తి పట్టుకుంది. ఇంజన్ అందుకుంది. లోపల స్విచ్చుల దగ్గర చెయ్యి పెట్టి నేను నిలబడే ఉన్నాను. కేక రానిదే చెయ్యి కదల్లేదు.

"పెద్దత్తా, లోడియ్యండి!"

గొంతు వేరు. అయినా వేశాను, అన్నీ వేశాను. ఖాళీ కుర్చీల మీద గాలి లేచింది. సెక్రటరీ హాలు మధ్యలో తలెత్తి నిలబడ్డాడు. కాసేపటికి వంటగది పక్కకు నడిచి, నేను మరిచిపోయిన ప్లగ్గు స్విచ్ ఒకటి తనే వేసి వచ్చాడు. దానికి ఏ మిషనూ తగిలించి లేదు. వాడి తల్లి పోయి చాలా కాలమైంది.

పని అయ్యాక స్విచ్చులన్నీ తీసేశాను. వెనక గదిలో ఇంజన్ బరువు దించుకుని మెల్లగా చల్లారుతోంది. వెనక తలుపులోంచి చూస్తే మేకుకున్న నా చీర ముక్క ఊగుతోంది. కోడలు కూడా లోపలికి వచ్చింది. హాల్లో మేం ముగ్గురం పైకి చూస్తూ ఉండిపోయాం. స్విచ్చులు తీసేసినా, ఫ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.