బరువు మొయ్యని స్తంభాలు

మా దీవుల రాజధాని ఆపియాలో, రొట్టెల దుకాణం మీది గదిలో మా కంపెనీ పుట్టింది. కట్టడాల బొమ్మలు గీసేది మెలే, అవి కూలకుండా లెక్కలు కట్టేది ఫీలిపో అనే నేను. మూడేళ్లు కోళ్లఫారాలూ చర్చి మరుగుదొడ్లూ కట్టించాక మా ఊరి సభాశాల పని దొరికింది. అందులో నా గొప్పేం లేదు. మా మామయ్య ఆపెలు ఊరి పెద్దల ముందు "మా మేనల్లుడు కడతాడు, పూచీ నాది" అన్నాడు. అది చెడితే నా కంపెనీతో పాటు ఆయన మాటా పోతుంది.

ఆక్లండ్‌లో చదివొచ్చిన బుర్ర కదా, ఊరుకుంటుందా! పాత శాల చుట్టూ ఉన్న ఇరవై రెండు స్తంభాలూ పీకించి, ఉక్కు దూలాలు వేసి, నాలుగింటితో సరిపెట్టాను. పెద్దల్ని అడిగావా అంది మెలే. గాలివాన లెక్కలు వాళ్లకేం తెలుసని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ప్రారంభం రోజు పెద్దలందరూ లోపలికొచ్చి నిలబడిపోయారు. ఒక్కరూ కూర్చోరు. అప్పుడు తట్టింది నాకు. మా దగ్గర ఒక్కో కుటుంబ పెద్ద బిరుదుకు ఒక్కో స్తంభం. పెద్దమనిషి దానికి వీపానించే సభలో కూర్చుంటాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణే. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై రెండు మంది పెద్దల చోటు ఊడబీకాను.

మామయ్య మాత్రం తన పాత స్తంభం ఉండే చోటికి నడిచి, వెనక ఏ ఆసరా లేకుండా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ల నడుము. ఆయన్ని చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు. సభల్లో తాగే ఆవ అనే వేరు రసం గిన్నె తిరిగి, ప్రసంగాలన్నీ ముగిసేసరికి రెండు గంటలు పట్టింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

బయటికొచ్చాక తప్పయిందన్నాను.

"కప్పు బాగుందిరా. వీపే ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు," అన్నాడు.

నెల తిరక్కుండా ఇరవై రెండు చెక్క స్తంభాలు నిలబెట్టాను. అవి కప్పును మొయ్యవు, నా లెక్కల్లో వాటి విలువ సున్నా. తప్పు దిద్దుకున్న ఇంజనీరని పేరొచ్చి, పక్క ఊళ్లవాళ్లు పిలవడం మొదలెట్టారు. ఇప్పుడు రెండు దీవుల్లో ముప్పై మందిమి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అడక్కుండా మా వాళ్లెవరూ గీత గియ్యరు. ఈ సూత్రం నాదేనని మెలే లేనప్పుడు చెప్పుకుంటాను.

కిందటేడు మామయ్య పోయాడు. ఆయన బిరుదు నాకిచ్చారు. మొదటి సభలో మాట్లాడమన్నారు. ఆయన స్తంభానికి వీపానించాను. కప్పుకు అక్కర్లేని స్తంభమే. అది లేకపోతే ఆ రోజు నేను కూలిపోయేవాణ్ణి.